తొగాషి ఫుసాయె జారవిడిచిన స్కీ

గర్భంలో అగ్నిని దాచుకొని శిరసున మంచును మోసే చోకాయి పర్వతాన్ని కమినోసావా గ్రామంలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆ పర్వతం వారికి దేవుడు. దేవుణ్ణి ఊరకే పేరుతో పిలవడం మర్యాద కాదని పెద్దలు ఏనాడో నిర్ణయించారు. అందుచేత తెల్లవారి తలుపు తీయగానే ఇరుగుపొరుగులు ఒకరినొకరు అడిగే మాట, “ఇవాళ పైన ఎలా ఉంది?” అనే. పైన అంటే ఆ ఒక్క చోటే.

ఆ పైకి వెళ్లే దారిలో ముప్పై రెండేళ్లపాటు యాత్రికులను తీసుకువెళ్లి క్షేమంగా తీసుకువచ్చిన మనిషి తొగాషి ఫుసాయె. ఆమె తండ్రి శిఖరం మీది ఆలయానికీ, దానికి ఆనుకొని ఉన్న విడిదికీ బియ్యం, కిరసనాయిలు వీపున మోసుకుపోయేవాడు. పదహారో ఏట ఆమె కూడా బరువు ఎత్తుకుంది. ఇరవై ఆరో ఏట, దారి చూపేవారి సంఘంలో తనను చేర్చుకోమని అడిగింది. అప్పటికి సంఘంలో పదకొండుమంది ఉండేవారు. అందరూ మగవారే. సంఘానికి పెద్ద అయిన సగాయె ఆమెను ఎగాదిగా చూసి, “నడిమధ్యలో వానొస్తే ఏం చేస్తావమ్మా?” అని అడిగాడట. “తడుస్తాను” అన్నదట ఫుసాయె. గదిలో నవ్వు ఆగిన తరువాత నీలి గుడ్డతో కుట్టిన చేతిపట్టీని ఆమె చేతికిచ్చాడు. ఆ పట్టీ కట్టుకున్నవారే కమినోసావా వైపునుంచి జనాన్ని పైకి నడిపించాలి.

ఆమె భర్త కింద సముద్రపు రేవులో పడవమీద పని చేస్తాడు. నెలలో సగం రోజులు నీటిమీదే గడుపుతాడు. మరిది గెంకిచి మాత్రం ఆమెతోపాటే సంఘంలో సభ్యుడు. వదినకంటే అయిదేళ్లు చిన్న. నోరు మాత్రం ఊరందరికంటే పెద్ద. కొండమీద ఆమె చెప్పిన మాట జవదాటడు, కొండ దిగిన తరువాత ఆమెను ఆట పట్టించని రోజు ఉండదు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు వచ్చిన ఏడాది మే నెలలో ఈ సంగతి జరిగింది. దీనికి ముందు రెండు ఆచారాలను చెప్పుకోవాలి.

శిఖరాలయం ముందు నిలిచినవారి పాదాలకు ముడి ఉండరాదు. పూర్వం గడ్డి చెప్పుల తాళ్లు విప్పేవారు, ఇప్పుడు మంచుమీద జారడానికి కాళ్లకు బిగించుకొనే పొడవాటి పలకలైన స్కీలు విప్పి మంచులో నిలబెట్టి, బూట్ల బిగింపులు వదులు చేసి, స్కీని కాలికి కలిపి ఉంచే కాపుపట్టీ కొక్కెం కూడా తీసి దండం పెడతారు. కొండ ఎక్కడానికి వాడే తేలిక స్కీలకు తమంతట తాము ఆగే మీట ఉండదు. బూటు ఊడినా స్కీ కిందికి పరుగెత్తకుండా పట్టి ఉంచేది మూరెడు పొడవున్న ఆ కాపుపట్టీ ఒక్కటే. దర్శనం అయ్యాక దారి చూపే మనిషి మొదట అతిథుల పట్టీలన్నీ తగిలించి, అందరివీ అయిన తరువాతే తన పట్టీ తగిలించుకోవాలి. విస్తరిముందు అతిథికి వడ్డించక తాను తినని గృహస్థు ధర్మమే అక్కడా పాటిస్తారు.

రెండవది సంఘం పెట్టుకున్న కట్టడి. చాలాకాలం కిందట, ఎవరో జారవిడిచిన స్కీ ఒకటి వాలు వెంట దూసుకువచ్చి, కింద వెదురు మొలకలు ఏరుకుంటున్న ఒక ఇల్లాలి కాలు విరగగొట్టింది. నాటినుంచి, దారి చూపే మనిషి చేతుల్లోంచి స్కీ జారిపోతే ఆ సాయంత్రమే చేతిపట్టీ పెద్దకు అప్పగించాలి. జులై ఒకటిన వేసవి యాత్రకు కొండ తెరిచే పండుగలోపు ఆ స్కీని తానే వెతికి తెచ్చి సంఘం ముందు పెట్టాలి. పెట్టలేకపోతే ఇక ఎన్నటికీ జనం ముందు నడవకూడదు.

ముప్పై రెండేళ్లలో ఫుసాయెకు ఆ అవసరం రాలేదు.

మే అయిదవ తేదీన సెందాయి నగరంనుంచి వచ్చిన నలుగురిని వెంటబెట్టుకొని ఆమె పైకి వెళ్లింది. వారిలో ముకాయి అనే ఆయన ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, బడిలో లెక్కలు చెబుతాడు. శిఖరం చేరేసరికి ఆయన చేతివేళ్లు కొయ్యబారిపోయాయి. దర్శనం చేసుకొని వెనుదిరిగేసరికి సముద్రం వైపునుంచి మబ్బు లేచి సగం కొండను కప్పేసింది.

“అమ్మగారూ, నా చేతులు నా మాట వినడం లేదండీ” అన్నాడు ముకాయి, కొక్కెం వైపు చూస్తూ.

“చంకలో పెట్టుకోండి. కాలు ఇటివ్వండి, నేను పెడతాను.”

“మీచేత కాళ్లు పట్టించుకోవడం...”

“కాళ్లు కాదు, పట్టీ పట్టుకుంటున్నాను. కదలకండి.”

ఆయనది తగిలించింది. మిగిలిన ముగ్గురివి తగిలించింది. ముకాయి చేతితొడుగు ఒకటి గాలికి ఎగిరిపోతే పరుగెత్తి పట్టుకొని వచ్చి, రెండు చేతులకూ తొడిగింది. అప్పటికి మబ్బు వాళ్ల మోకాళ్ల దాకా వచ్చింది. గబగబ తన బూట్లు స్కీలమీద మోపింది. టక్కుమన్న చప్పుడు వినబడింది. “పదండి, నా గీతలోనే రండి” అన్నది. తన కాపుపట్టీలు రెండూ బూట్ల పక్కన ఖాళీగా వేలాడుతున్నాయి. అతిథుల తరువాత తనది అనే క్రమంలో, తన వంతు రాకముందే ఆమె బయలుదేరింది.

మబ్బులోంచి బయటపడి, పెద్ద లోయవాలు అంతా దిగి, బునా చెట్ల అడవి మొదలయ్యే చోటికి కొంచెం ఎగువన, పాత మంచుచరియల గడ్డలు గట్టిపడి ఉన్నాయి. ఎడమ స్కీ అంచు ఒక గడ్డకు తగిలింది. బూటు ఊడింది. ఆమె పక్కకు ఒరిగి చేయి చాచేలోపు స్కీ తలకిందులు కాకుండా, తడబడకుండా, పైనుంచి ఎవరో పనిమీద పంపినట్లు సూటిగా కిందికి వెళ్లిపోయింది.

“తప్పుకోండీ!” అని గొంతు చించుకొని అరిచింది. రెండోసారి అరిచింది. కింద అడవినుంచి జవాబు లేదు. దెబ్బ తగిలిన చప్పుడూ లేదు.

ముకాయి దగ్గరికి వచ్చి, “ఇప్పుడెలాగండీ?” అన్నాడు.

“ఎలాగేముంది, ఒక దానిమీద దిగుతాను. మీరు నా వెనకే, నెమ్మదిగా.”

ఒంటి స్కీమీద ఒక గంటసేపు దిగి, నలుగురినీ కొండ దిగువ విడిదికి చేర్చింది. అక్కడ గెంకిచి తన బండితో ఎదురుచూస్తున్నాడు. వదిన కాళ్లకేసి చూశాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు.

“ఏంటి వదినా, రెండోది అద్దెకిచ్చి వచ్చావా?”

“జారిపోయింది.”

“కాపుపట్టీ తెగిందా?”

“తగిలించుకోలేదు.”

గెంకిచి నోరు ఆ రోజు మొదటిసారి మూతపడింది. అతిథులు బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లాక దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “చూడు, మా కొట్టంలో అచ్చం నీదానిలాంటి జతే ఉంది. అదే కంపెనీ, అదే నీలం. ఈ సెందాయి వాళ్లు రేపు వాళ్ల ఊరు పోతారు. నేను చెప్పను. నువ్వు చెప్పకు.”

“నేను చెప్పకుండా ఎలా ఉంటానురా?”

“నోరు మూసుకుని. నాకైతే కష్టంగానీ, నీకు అలవాటేగా.”

ఆ సాయంత్రం ఫుసాయె స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకొని, సగాయె ఇంటికి వెళ్లి చేతిపట్టీ ఆయన ముందు పెట్టింది. ఎనభై దాటిన ఆ పెద్దాయన దాన్ని మడిచి దేవుడి అరలో ఉంచి, “ఎవరికీ తగల్లేదుగా?” అని మాత్రం అడిగాడు.

“తెలీదు తాతగారూ. వార్తేమీ రాలేదు.”

“అయితే తగల్లేదనే అనుకో. వెతుక్కో.”

వెతకడానికి ఆమెకు ఒక పద్ధతి ఉంది. ముల్లంగి ఊరవేసే తొట్టి మూతను వీపున కట్టుకొని, స్కీ జారిన గడ్డ దగ్గరికే మళ్లీ ఎక్కి, అక్కడినుంచి ఆ మూతను జారవిడిచేది. కింద ఎవరూ లేరని ముందుగానే చూసివచ్చేది. మూతకు పొడవాటి తాడు కట్టి ఉండేది. అది ఎటు మొగ్గుతుందో చూసి, ఆ గీత వెంబడి అడవిలోకి దిగేది. నాలుగుసార్లు వదిలితే నాలుగుసార్లూ మూత కుడివైపు బునా చెట్లకేసే పోయింది.

“అన్నయ్య ఫోను చేసి నీ సంగతి అడిగాడు” అన్నాడు గెంకిచి ఒకనాడు. “మీ వదిన కొండమీద తొట్టి మూతలతో ఆడుకుంటోందని చెప్పాను.”

“ఏమన్నారు?”

“ఊరగాయ పాడవకుండా చూడమన్నాడు.”

మే నెల గడిచింది. మంచు మూరెడు మూరెడు కరుగుతూ వచ్చింది. కరిగినంత మేరా ఆమె నేలను జల్లెడ పట్టింది. చెట్ల మొదళ్లచుట్టూ ఏర్పడే మంచుగుంతలలో చేయి పెట్టి తడిమింది. వాగు ఒడ్డున రాళ్లు కదిపింది. ఎవరివో రెండు ఊతకర్రలు, ఒక నల్లకళ్లద్దాల జత, ఏ కాలంనాటిదో ఒక చెక్క స్కీ ముక్క దొరికాయి. తన నీలిరంగు స్కీ మాత్రం దొరకలేదు. జూన్ మూడోవారానికి అడవిలో మంచు పూర్తిగా పోయి, నేలంతా సన్నవెదురు దట్టంగా లేచింది. ఆ వెదుర్లలోకి వంగి, రెండు చేతులతో పాయలు తీసి చూస్తూ నడిచి, ఇంటికి వచ్చేసరికి ఆమె నడుము నిటారుగా నిలిచేది కాదు.

ఊరిలో మాట కూడా మారింది. మొదట్లో “దొరికిందా?” అని అడిగేవారు. తరువాత ఆమె ఎదురైతే వాన గురించి మాట్లాడేవారు.

జూన్ ఇరవై అయిదున గెంకిచి వెదురు మొలకలు ఏరడానికి తానూ వస్తానని బయలుదేరాడు. ఎలుగుబంటికి వినబడేటట్లు ఇద్దరూ నడుముకు గంటలు కట్టుకున్నారు. గంటలు చాలవన్నట్లు అతడు దారిపొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు.

“వదినా, ఆ స్కీ ఈపాటికి సముద్రంలో పడుంటుంది. అన్నయ్య వలకు చిక్కుతుంది చూడు.”

“నువ్వు మొలకలు ఏరు.”

“ఏరుతున్నాగా. నువ్వే ఖాళీ బుట్టతో తిరుగుతున్నావు. ఇంటికెళితే మా ఆవిడ నన్నంటుంది, వదినగారికి ఇవ్వకుండా అన్నీ నువ్వే తెచ్చావా అని.”

మధ్యాహ్నం ఒక పెద్ద బునా చెట్టుకింద కూర్చొని అన్నం ముద్దలు, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ విప్పుకున్నారు. ఫుసాయె తినకుండా మెడ వెనుక చేత్తో ఒత్తుకుంటున్నది.

“నెలన్నర నుంచి నేలకేసి చూసి చూసి ఆ మెడ కొడవలిలా వంగిపోయింది. ఒక్కసారి వెనక్కి వాల్చు. ఆకాశమనేది ఒకటుందని గుర్తొస్తుంది.”

ఆమె చెట్టు మానుకు తల ఆనించి మెడ వెనక్కి వాల్చింది. పచ్చని లేత ఆకుల సందున నీలిరంగు అంచు ఒకటి కనిపించింది. ఆకాశం అనుకున్నది. ఆకాశానికి అంత సూటి అంచు ఉండదు.

“గెంకిచీ!”

“ఏంటి, ఎలుగా?”

“పైకి చూడు.”

మనిషి ఎత్తుకు రెండింతల పైన, మాను రెండుగా చీలిన పంగలో స్కీ ముక్కు గట్టిగా దిగబడి ఉంది. తోక గాలిలో వేలాడుతున్నది. ఎవరూ ఎక్కించినది కాదు. మే నెల అయిదున ఈ అడవి నేల దాదాపు అంత ఎత్తున ఉంది. పది అడుగుల మంచు నిలిచిన రోజున ఆ స్కీ ఆ నేలమీదనే వచ్చి, చివర ఒక గడ్డ తగిలి ఎగిరి ఈ పంగలో దిగబడింది. కరిగిపోయింది దానికింది నేల. చలికాలపు దారికి ఎర్రరేకు గుర్తులను చెట్లకు అంత ఎత్తున కొట్టేది సంఘమే. ఈ అడవిలో సగం రేకులు ఫుసాయె తన చేతితో కొట్టినవే. వేసవిలో వచ్చినవాళ్లు అవి అంత ఎత్తున ఎందుకున్నాయని ఆశ్చర్యపోతే, వారికి కారణం చెబుతూ వచ్చింది కూడా ఆమే. అయినా నెలన్నరపాటు ఆమె వెతికింది జూన్ నేలమీద.

గెంకిచి చప్పట్లు కొట్టి పగలబడి నవ్వాడు. “చెట్టుకు కాసిందమ్మా! ముప్పై రెండేళ్ల అనుభవం! అన్నయ్యకు ఇప్పుడే ఫోను చేయాలి.”

ఫుసాయె నవ్వలేదు. స్కీని చూడటం లేదు. దాని పక్కన బారెడు దూరంలో, మరో చెట్టుకు ఉన్న ఎర్రరేకును చూస్తున్నది. రెండూ దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి. స్కీయే కాస్త దిగువన ఉంది.

“రేకు ఎంత ఎత్తులో కొడతాం?” అని అడిగింది.

“ఎంతేముంది, మంచుమీద నిలబడితే కళ్లకెదురుగా...” అంటూ అతడు ఆగిపోయాడు. కళ్లకు ఎదురుగా రేకు. దానికి కొద్దిగా దిగువన, రొమ్ముకు ఎదురుగా, స్కీ.

“ఆ రోజు నువ్వు ఎవరిని దింపావు?”

గెంకిచి చేతిలోని అన్నం ముద్ద కింద పెట్టాడు. “యుజావా నుంచి వచ్చిన ఆరుగురు పెద్దమ్మలు. మంచుచెప్పులతో.”

“ఈ దారినే?”

“ఈ దారే. నీకంటే గంట ముందు. ఈ చెట్టు దగ్గరే ఆగి ఫొటో తీసుకున్నారు.”

ఇద్దరూ మిగిలిన అన్నం తిన్నారు. తరువాత గెంకిచి చెట్టెక్కాడు. రెండుసార్లు జారి, ముంజేతులు రెండూ గీరుకుపోయి, మూడోసారి పంగ చేరి స్కీ ఊడదీశాడు. ముక్కు రెండు పలకలుగా చీలి ఉంది. దాని దెబ్బకు పంగలో కలప లోపలి తెలుపు కనబడేటంత లోతున తెగింది.

జూన్ ఇరవై ఎనిమిదిన సగాయె ఇంట్లో సంఘం కూడింది. అప్పటికి మిగిలినవారు ఎనిమిదిమందే. సోయా ముద్దతో కాచి, వెదురు మొలకలు వేసిన మిసో చారు గిన్నెలు అందరి ముందూ పెట్టారు. ఫుసాయె చీలిన స్కీని చాపమీద ఉంచి వంగి నమస్కరించింది.

“దొరికింది. గడువులోనే దొరికింది. కట్టడి తీరింది” అన్నాడు సగాయె. దేవుడి అర వైపు చేయి చాచబోయాడు.

“తాతగారూ, ఇంకొకటుంది.”

“చూశారా, ఇందుకే నేను నోరు మూసుకోమన్నది” అన్నాడు గెంకిచి పక్కనుంచి.

ఆమె స్కీ ఎక్కడ ఉందో చెప్పింది. ఎంత ఎత్తున ఉందో చెప్పింది. అదే దారిన గంట ముందు ఎవరు వెళ్లారో చెప్పింది. చారు గిన్నెలమీద చేతులు ఆగిపోయాయి.

సగాయె స్కీని తనవైపు జరుపుకొని, “ఇది గెంకిచి స్కీ అయి, నువ్వు ఇటువైపు కూర్చుని ఉంటే ఏమనేదానివి?” అని అడిగాడు.

“ఒక ఏడాదిపాటు జనం ముందు నడవొద్దు అనేదాన్ని.”

“ఇప్పుడు?”

“ఇప్పుడూ అదే తాతగారూ.”

“అయ్యయ్యో!” అని గెంకిచి తొడ చరుచుకున్నాడు. “మరి నేను చెట్టెందుకెక్కినట్టు? ఈ చేతులు చూడండి! పిల్లి రక్కినట్టున్నాయి! ఏడాది ఆపేదానికి స్కీ ఎందుకు, అక్కడే వదిలేస్తే పోయేదిగా!”

“వదిలేస్తే నాకు ఎప్పటికీ లేదు. ఇప్పుడు ఒక్క ఏడాదే.”

“నీతో లెక్కలు మాట్లాడలేం వదినా. ఆ సెందాయి పంతులుగారికి అప్పజెప్పాలి నిన్ను.”

కొందరు నవ్వారు. సగాయె నవ్వలేదు. ఆమె అడిగినట్లే నిర్ణయించాడు. ఇంకొకటి కూడా ఆ పూటే తేల్చారు. ఇకనుంచి దారి చూపే మనిషి శిఖరాలయం దగ్గర మొదట తన కాపుపట్టీ తగిలించుకొని, ఆ తరువాతే అతిథులవి తగిలించాలి. తరతరాల వరుస మారుతున్నది గనుక పూజారిగారితో చెప్పించి దేవుడికి విన్నవించాలా అని ఎవరో సందేహం వెలిబుచ్చారు.

“చెప్పేదేముంది, పైనుంచి మొత్తం ఆయనే చూశాడుగా” అన్నాడు సగాయె. చారు చల్లారిపోతోందని తొందరపెట్టాడు.

జులై ఒకటిన కొండ తెరిచారు. గెంకిచి ముందు, అతడి వెనుక ఇరవై ఇద్దరు యాత్రికులు, అందరికీ చివర మందులపెట్టె వీపున వేసుకొని ఫుసాయె. ముప్పై రెండేళ్లుగా ఆమెకు జనం అంటే వెనుకనుంచి వచ్చే ఊపిరి చప్పుడు మాత్రమే. ఇప్పుడు ఇరవై రెండు జతల మడమలు ఎదురుగా కనిపిస్తున్నాయి. ఎవరు కుడికాలు ఈడుస్తున్నారో, ఎవరు బాగానే ఉన్నామని పైకి చెబుతూ మడమ ఎత్తి నడుస్తున్నారో, ముందు నడిచినంతకాలం తాను అడిగితే తప్ప తెలియని సంగతులన్నీ అడగకుండానే కనబడ్డాయి.

మొదటి మంచుపట్టీ దాటాక, వరుసలో ఫుసాయెకు కాస్త ముందు నడుస్తున్న ఒక నడివయసు స్త్రీ బూటు అడుగుపలక సగం ఊడి, అడుగు వేసినప్పుడల్లా నోరు తెరుస్తున్నది. ఆమె సిగ్గుపడి దాన్ని నేలకు రాస్తూ నడుస్తున్నది.

“అమ్మా, ఆగండి. ఆ రాయిమీద కూర్చోండి.”

“అబ్బే, బాగానే ఉందండీ. అందరూ వెళ్లిపోతున్నారు.”

“వెళ్లరు.” ఫుసాయె గొంతెత్తింది. “గెంకిచీ! ఆగు!”

ముందునుంచి జవాబు వచ్చింది: “ఏంటి వదినా, అప్పుడే అలిసిపోయావా? వెనక నడవడం కూడా నీవల్ల కాదా?”

“నీ నోరు అలిసేదాకా నడుస్తాను. ఆగు!”

వరుస ఆగింది. ఫుసాయె మందులపెట్టెలోంచి గట్టి దారపుచుట్ట తీసి, మోకాళ్లమీద కూర్చొని బూటును తన ఒడిలోకి తీసుకున్నది.

“మిమ్మల్ని నాకు తెలుసండీ” అన్నది ఆ స్త్రీ. “నాలుగేళ్ల కింద మా చెల్లెలు మీతో వచ్చింది. మీరు ముందు నడిచేవారు కదా, ఇప్పుడు చివర్లో ఉన్నారేంటి?”

“స్కీ ఒకటి జారవిడిచాను.”

“అంతేనా?”

“అంతే. ఈ ఏడు నాది వెనక పని. వచ్చే ఏడు మళ్లీ ముందుంటాను.” దారాన్ని పలక చుట్టూ నాలుగు చుట్లు తిప్పి, పళ్లతో లాగి ముడి బిగించింది. లేచి నిలబడి ఆ కాలితో రెండుమూడు అడుగులు వేయించి చూసింది. పలక కదలలేదు.

“ఆ రెండో బూటు కూడా చూపించండి” అన్నది.